లారీకి విడిగా కొన్న డిస్కులు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బండితో పాటు కంపెనీ ఇచ్చిన డిస్కులు (టైరు ఎక్కించే లోహపు చక్రాలు) కాకుండా, తరువాత మార్కెట్లో విడిగా కొని వేసుకునే ఉక్కు, అల్యూమినియం డిస్కుల గురించి లారీ యజమానులు, డ్రైవర్లు, టైరు పని చేసేవారు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇవి సమాధానాలు. సరుకు లారీలను, టిప్పర్లను దృష్టిలో పెట్టుకొని రాశాం. మీ బండి మాన్యువల్‌లోని అంకె ఇక్కడి అంకెతో కలవకపోతే మాన్యువల్‌లో ఉన్నదాన్నే పాటించాలి.

లారీ చక్రాన్ని పట్టి ఉంచేవి స్టడ్లే కదా?

ఇరుసు కొసన చక్రం కూర్చునే భాగం హబ్బు, దాని నుంచి బయటికి వచ్చి నట్లను పట్టే మర బోల్టులు స్టడ్లు. చక్రాన్ని మోసేది అవేనని చాలామంది అనుకుంటారు. చక్రాలు ఊడిపోవడానికి దారితీసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ అభిప్రాయం నుంచే పుడతాయి కాబట్టి దీన్ని మొదటే సరిచేసుకోవాలి. నట్టును బిగించినప్పుడు స్టడ్డు రబ్బరు బద్దలాగా కంటికి కనపడనంత సాగుతుంది. సాగిన స్టడ్డు తిరిగి ముడుచుకోవాలని లాగే లాగుడే డిస్కును హబ్బు ముఖానికి అదిమి పెడుతుంది. సరిగా బిగించిన ఒక్కో స్టడ్డు పది టన్నులకు పైగా బలంతో అదుముతుంది. ఆ ఒత్తిడి వల్ల డిస్కుకూ హబ్బుకూ మధ్య పుట్టే రాపిడే లోడునూ, బ్రేకు దెబ్బనూ, గుంతల అదురునూ మోస్తుంది. అదుము తగ్గిన రోజున డిస్కు హబ్బు మీద వెంట్రుకవాసి జరగడం మొదలుపెడుతుంది, స్టడ్లు అటూ ఇటూ వంగి అలసిపోతాయి, ఒకటి తెగితే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. అందువల్ల డిస్కుకూ హబ్బుకూ మధ్య ఏమేం చేరుతున్నాయో, ఆ అదుము నిలిచేలా బిగించామో లేదో చూడటమే చక్రం పనిలో అసలు పని.

పది రంధ్రాల డిస్కు అయితే పది స్టడ్ల హబ్బుకు సరిపోతుందా?

సరిపోతుందని చెప్పలేం. రంధ్రాల లెక్క ఒక్కటే కలిస్తే చాలదు. రంధ్రాలు ఏర్పడిన వలయం వ్యాసం, అంటే పీసీడీ కలవాలి. నడిమి రంధ్రం వ్యాసం కలవాలి. రంధ్రాల అంచు ఆకారం నట్టు ఆకారంతో కలవాలి. పది స్టడ్ల లారీల్లో విస్తారంగా కనిపించేది 335 మి.మీ. పీసీడీ, 281 మి.మీ. నడిమి రంధ్రం. ఉత్తర అమెరికా బండ్లకు చేసిన పది రంధ్రాల డిస్కులకు పీసీడీ 285.75 మి.మీ., నడిమి రంధ్రం 220 మి.మీ. ఉంటుంది. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బొమ్మ చూసి ఆర్డరు పెట్టకూడదు.

అయితే ఈ రెండింటి తేడా హబ్బు దగ్గరికి తీసుకెళ్లగానే బయటపడుతుంది, అంతకన్నా జాగ్రత్త పడవలసింది ఎనిమిది రంధ్రాల డిస్కులతో. వాటిలో 275 మి.మీ. పీసీడీ ఒక రకం, 285 మి.మీ. మరొక రకం. రెండింటికీ నడిమి రంధ్రం 221 మి.మీ. దగ్గరే ఉంటుంది. డిస్కు హబ్బు మీదికి చక్కగా ఎక్కినట్టే అనిపించి, స్టడ్ల దగ్గర పట్టేస్తుంది. అలాంటప్పుడు సుత్తితో కొట్టి ఎక్కించడం, రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేయడం ఎంతమాత్రం తగదు.

పీసీడీ కొలవడం సులభమే. రంధ్రాల సంఖ్య సరి సంఖ్య అయితే, ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం ఎడమ అంచు వరకు టేపు పెట్టి కొలిస్తే చాలు.

హబ్బు పైలట్, స్టడ్ పైలట్ అంటే ఏమిటి?

డిస్కును నడిమధ్యన నిలబెట్టే పని ఎవరిదన్నదే తేడా. హబ్బు పైలట్ పద్ధతిలో హబ్బు మీది మెట్టు డిస్కు నడిమి రంధ్రంలో ఇమిడి దాన్ని మధ్యకు తెస్తుంది. ఇందులో స్టడ్డు రంధ్రం స్టడ్డు కన్నా పెద్దదిగా, ఉదాహరణకు 22 మి.మీ. స్టడ్డుకు 26 మి.మీ. దాకా ఉంటుంది. నట్టు కింద తిరిగే వాషరుతో చదునుగా కూర్చుంటుంది. స్టడ్ పైలట్ పద్ధతిలో రంధ్రం అంచు గిన్నెలాగా వాలుగా ఉంటుంది, దానికి తగిన గుండ్రని లేదా శంఖువు ముఖమున్న నట్టు అందులో కూర్చొని డిస్కును మధ్యకు లాగుతుంది.

ఈ రెండింటినీ కలపడం ప్రమాదకరం. వాలు అంచున్న రంధ్రం మీద చదును నట్టు వేస్తే అది అంచు గీత మీద మాత్రమే ఆనుతుంది. చదును డిస్కు మీద శంఖువు నట్టు వేస్తే అది రంధ్రాన్ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది. పానాకు గట్టిగానే తగులుతుంది, బిగిసిందనిపిస్తుంది, వంద కిలోమీటర్లు తిరిగేసరికి వదులవుతుంది. కొత్త డిస్కులు కొనేటప్పుడు వాటి రంధ్రాలకు తగిన నట్లను కూడా ఆ డిస్కు తయారీదారు చెప్పిన రకంలోనే కొనాలి.

ఆఫ్‌సెట్ కొద్దిగా తేడా ఉంటే ఏమవుతుంది?

డిస్కు హబ్బుకు ఆనే ముఖానికీ, రిమ్ము వెడల్పు నడిమికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. వెనక జోడు చక్రాల్లో రెండు డిస్కులూ ఒకదానికొకటి వీపు చూపిస్తూ కూర్చుంటాయి కాబట్టి, రెండు టైర్ల నడుమ దూరం ఆఫ్‌సెట్‌కు రెట్టింపు ఉంటుంది. కొత్త డిస్కు ఆఫ్‌సెట్ 10 మి.మీ. తక్కువైతే టైర్ల మధ్య సందు 20 మి.మీ. తగ్గుతుంది. లోడు పడినప్పుడు టైర్ల పక్కలు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి, రాసుకున్న చోట వేడెక్కి దారాలు తెగుతాయి. సందులో రాయి ఇరుక్కునే అవకాశం కూడా పెరుగుతుంది. ముందు చక్రానికైతే ఆఫ్‌సెట్ మార్పు వల్ల బేరింగుల మీద భారం పడే చోటు మారుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు కమాను కట్టకో, స్టీరింగు కడ్డీ అయిన డ్రాగ్ లింకుకో తగలవచ్చు. బండి వెడల్పుగా కనిపించాలని ఆఫ్‌సెట్ మార్చుకోవడం మేము ఎవరికీ సలహా ఇవ్వం.

డిస్కు మీద ఏ అంకెలు చూడాలి?

రిమ్ము కొలత, గరిష్ఠ లోడు, గరిష్ఠ గాలి ఒత్తిడి, తయారీదారు గుర్తు, తయారైన తేదీ పోతగానో అచ్చుగానో ఉండాలి. స్టిక్కరు మీద మాత్రమే ఉంటే, లేదా లోడు అంకె అసలు లేకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ డిస్కును తీసుకోవద్దు.

లోడు అంకెను ఎలా వాడాలో లెక్క చూడండి. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువులు పెంచినప్పుడు నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు పరిమితి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు చేరింది. 11,500 కిలోలను నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 2,875 కిలోలు. టైరు పక్కన ముద్రించే లోడు సూచిక, జోడుగా వేసినప్పటిది, 143 ఉన్న టైరు మోయగలిగేది 2,725 కిలోలు మాత్రమే, అంటే నాలుగూ కలిసి 10,900 కిలోలు. అదే 146 సూచిక ఉంటే ఒక్కోటి 3,000 కిలోలు మోస్తుంది. పాత పరిమితి కోసం కొన్న టైర్లు, డిస్కులు కొత్త పరిమితి లోడుకు చాలకపోవచ్చు. డిస్కు లోడు అంకె టైరు లోడు అంకెకు తగ్గకుండా చూసుకోవాలి. రెండింట్లో బలహీనమైనదే మీ పరిమితి.

20 అంగుళాల ట్యూబు డిస్కులు తీసి 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్ వేసుకోవచ్చా?

బండి తయారీదారు ఆ మోడల్‌కు రెండు రకాలనూ ఇస్తుంటే వేసుకోవచ్చు. 295/90 ఆర్ 20 టైరు వ్యాసం లెక్క ప్రకారం సుమారు 1,039 మి.మీ., 295/80 ఆర్ 22.5 సుమారు 1,043 మి.మీ. కాబట్టి ఎత్తులో పెద్ద తేడా రాదు. అయితే టైరూ డిస్కూ కలిపే మార్చాలి. ట్యూబు డిస్కుకు టైరును పట్టి ఉంచే రింగు విడిగా ఉంటుంది, టైరు కూర్చునే అంచు వాలు 5 డిగ్రీలు. ట్యూబ్‌లెస్ డిస్కు ఒకే ముక్క, వాలు 15 డిగ్రీలు. ఒకదాని టైరును మరొకదానికి ఎక్కించే ప్రయత్నం ప్రాణాల మీదికి తెస్తుంది.

జోడులో ఒకటి కొత్త రకం, ఒకటి పాత రకం ఉండకూడదు. జోడు రేడియల్ టైర్ల వ్యాసంలో తేడా సుమారు 6 మి.మీ. దాటితే పెద్ద టైరు ఎక్కువ లోడు మోస్తూ వేడెక్కుతుంది, చిన్నది రోడ్డును ఈడ్చుకుంటూ అరుగుతుంది. మార్చిన తరువాత డిస్కు లోపలి వైపు బ్రేకు డ్రమ్ముకు ఎంత దూరంలో ఉందో, లోపలి చక్రం వాల్వు బయటి డిస్కు కిటికీలోంచి (డిస్కులో చేయి దూరే రంధ్రం) చేతికి అందుతుందో లేదో చూడాలి. అందకపోతే లోపలి టైరు గాలిని ఎవరూ చూడరు, అది మెత్తబడి బయటి టైరు మీదే లోడంతా పడుతుంది.

అల్యూమినియం డిస్కుల వల్ల లాభమేమిటి? జాగ్రత్తలేమిటి?

లాభం బరువులో. 22.5 అంగుళాల ఉక్కు డిస్కు సాధారణంగా 40 కిలోల దరిదాపుల్లో ఉంటే, అదే కొలత ఫోర్జుడు అల్యూమినియం డిస్కు 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. పది చక్రాల బండికి 150 కిలోలకు పైగా ఆదా, ఆ మేరకు సరుకు వేసుకోవచ్చు.

జాగ్రత్త మందంలో ఉంది. అల్యూమినియం డిస్కు ఆనే చోట ఉక్కు డిస్కుకు దాదాపు రెట్టింపు మందంగా ఉంటుంది. వెనక జోడులో రెండూ అల్యూమినియం అయితే ఉక్కు డిస్కుల కోసం బిగించిన స్టడ్డు పొడవు చాలదు. నట్టు నాలుగు మరలే పట్టి ఆగిపోతుంది. పొడవైన స్టడ్లు వేయించాలి, లేదా తయారీదారు అనుమతించిన స్లీవ్ నట్లు (డిస్కు రంధ్రంలోకి దిగే మెడ ఉన్నవి) వాడాలి. బిగించాక స్టడ్డు కొస నట్టు ముఖాన్ని దాటి కనీసం ఒకటి రెండు మరలైనా బయటికి కనిపించడం మంచిది. స్లీవ్ నట్లకు ఈ కొలత వర్తించదు, వాటికి మరలు పట్టిన లోతును తయారీదారు చెప్పినట్టు చూడాలి.

అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి ఆనినచోట తడి చేరితే తెల్లటి పొడిలాంటి తుప్పు పుట్టి డిస్కు హబ్బుకు అతుక్కుపోతుంది. సముద్ర తీరంలో ఉప్పు, రొయ్యల లోడు తోలే బండ్లలో ఇది మరీ ఎక్కువ. హబ్బు మెట్ల మీద మాత్రమే పలుచగా, అతుక్కుపోకుండా చేసే యాంటీ సీజ్ పూత రాయవచ్చు, డిస్కు ముఖానికి గానీ స్టడ్డు మరలకు గానీ అది తగలకూడదు. రిమ్ము అంచు అరిగి కత్తిలా తయారైతే టైరును కోస్తుంది, టైరు విప్పిన ప్రతిసారీ వేలికి గుడ్డ చుట్టి ఆ అంచును తడిమి చూడాలి.

ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి) ముందు డిస్కులకు రంగు వేయిస్తాం. అది తప్పా?

రంగు తప్పు కాదు, అది పడే చోటు తప్పు కావచ్చు. మన ప్రాంతంలో ఎఫ్‌సీ వస్తుందనగానే, దసరా ఆయుధ పూజ ముందు, బండి మొత్తం రంగు పడుతుంది. డిస్కులను వరసగా గోడకు ఆనించి, గన్నుతో ముందూ వెనకా ఒకేసారి కొడతారు. ఆరీ ఆరకముందే బిగిస్తారు.

ఒకసారి మా షెడ్డుకు వచ్చిన లారీకి అలా రంగు వేసి పది రోజులైంది. వెనక ఎడమ వైపు బయటి డిస్కు మీద, మూడు నట్ల కింది నుంచి ఎర్రటి గీతలు కిరణాల్లాగా బయటికి సాగి ఉన్నాయి. నట్టు మీద పానా వేస్తే పావు చుట్టు తేలిగ్గా తిరిగింది. డిస్కు విప్పి చూస్తే ఆనే ముఖం మీది రంగు రెండు మూడు పొరలుగా ఉంది. నట్ల చుట్టూ ఆ రంగు నలిగి, పొడిగా రాలి, కింద ఇనుము అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు డిస్కు హబ్బు మీద జరిగిందనడానికి సాక్ష్యం. ఒక స్టడ్డు మొదట్లో సన్నని పగులు కూడా మొదలైంది. నట్లను మొదటి రోజు ఎంత గట్టిగా బిగించినా, నడుమ ఉన్న రంగు పొర నలిగి పలచబడినకొద్దీ స్టడ్డు సాగుడు తగ్గిపోతుంది, దానితో అదుమూ పోతుంది.

కాబట్టి డిస్కు ఆనే ముఖాలు, హబ్బు ముఖం, నట్టు కూర్చునే చోటు మందపాటి రంగు, తుప్పు, గ్రీజు, మట్టి లేకుండా ఉండాలి. రంగు వేసేటప్పుడు ఆ చోట్లకు కాగితం అంటించమని అడగండి. ఇప్పటికే పడి ఉంటే వైర్ బ్రష్షుతో, ఉప్పు కాగితంతో లోహం కనిపించేదాకా తుడిచిన తరువాతే బిగించండి. కొత్త డిస్కుల మీద ఫ్యాక్టరీ వేసిన పలుచని పూత ఉండవచ్చు, దాని మీద మళ్లీ వేయకూడదు.

నట్లు బిగించే సరైన పద్ధతి ఏమిటి?

మరలను బ్రష్షుతో శుభ్రం చేసి, నట్టు చేత్తో చివరిదాకా తిరుగుతుందో లేదో చూడండి. మధ్యలో పట్టేస్తే ఆ నట్టునో స్టడ్డునో మార్చాలి. హబ్బు పైలట్ నట్లయితే వాషరుకూ నట్టుకూ మధ్య, స్టడ్డు కొస మరల మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయాలి. గుండ్రటి ముఖమున్న స్టడ్ పైలట్ నట్లను పొడిగానే బిగించాలి. ఈ తేడా తెలియక అన్నిటికీ గ్రీజు పూసేవారున్నారు. గ్రీజు పూసిన నట్టుకు అదే టార్కు, అంటే అదే తిప్పే బలం ఇస్తే స్టడ్డు దాని శక్తికి మించి సాగిపోతుంది.

చక్రం గాలిలో ఉండగా హబ్బు మెట్టు ఒకటి సరిగ్గా పైన ఉండేలా తిప్పి డిస్కును ఎక్కించండి. పైనున్న నట్టును మొదట, దాని ఎదుటిదాన్ని తరువాత, ఇలా ఎదురెదురుగా అన్నిటినీ కొద్దికొద్దిగా బిగించి డిస్కు ముఖం మొత్తం ఆనిందని చూసుకోండి. ఆ తరువాత అదే వరుసలో పూర్తి టార్కు ఇవ్వండి. 22 మి.మీ., 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య 1.5 మి.మీ.) స్టడ్డుతో ఉన్న హబ్బు పైలట్ చక్రాలకు చాలామంది తయారీదారులు 600 నుంచి 700 న్యూటన్-మీటర్ల మధ్య చెబుతారు. గాలి గన్ను నట్టును వేగంగా దింపడానికి మంచి పనిముట్టు. చివరి బిగింపు మాత్రం టార్కును కొలిచి చూపే టార్క్ రెంచితోనే జరగాలి.

వీల్ పానాకు పైపు తొడిగి, ఎక్కి నిలబడితే చాలదా?

దారిలో ఇంకేమీ లేనప్పుడు అందరూ చేసేది అదే, అందుకే దాని లెక్క తెలుసుకోవడం మంచిది. 60 కిలోల మనిషి ఒక మీటరు పొడవున్న పానా కొసన కదలకుండా నిలబడితే నట్టుకు సుమారు 590 న్యూటన్-మీటర్లు చేరుతుంది. 80 కిలోల మనిషి మీటరున్నర పైపు మీద నిలబడితే సుమారు 1,180. అతను ఒక్కసారి ఎగిరి దూకితే ఇంకా ఎక్కువ. క్లీనర్ సన్నగా ఉంటే ఒక బిగింపు, డ్రైవర్ లావుగా ఉంటే మరో బిగింపు అన్నమాట. ఎక్కువ బిగించిన స్టడ్డు ఆ రోజు తెగదు, కాని సాగిపోయి తిరిగి ముడుచుకోలేని స్థితికి వస్తుంది, ఆపైన అది అదమలేదు. దారిలో పైపుతో బిగించవలసి వస్తే బిగించి, దగ్గరలో టార్క్ రెంచి ఉన్న చోట వెంటనే చూపించండి.

బిగించాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

50 నుంచి 150 కిలోమీటర్ల లోపు తప్పనిసరిగా చూడాలి. హైదరాబాదు ఆటోనగర్‌లో డిస్కులు మార్చుకొని విజయవాడ వైపు బయలుదేరిన బండి సూర్యాపేట దగ్గర ఆగి, బ్రేకు డ్రమ్ములు చల్లబడ్డాక నట్లు చూసుకోవాలి. ముఖాల మీది చిన్న చిన్న గరుకులు, పూత నలిగి కూర్చునేది ఈ మొదటి దూరంలోనే. చూసేటప్పుడు నట్టును వదులు చేసి మళ్లీ బిగించకూడదు, చెప్పిన టార్కుకు రెంచి పెట్టి బిగించే వైపే లాగాలి. ఒకే నట్టు పదేపదే తిరుగుతుంటే దాన్ని ఇంకా బిగించడం పరిష్కారం కాదు, డిస్కు విప్పి కారణం వెతకాలి.

నట్ల మీద పెట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ బాణాలు చవకైనవి, మేము వాడమనే చెబుతాం. కాని అవి నట్టు తిరిగితేనే చెబుతాయి. నట్టు తిరగకుండానే రంగు నలిగి అదుము తగ్గితే వాటికి తెలియదు.

కొన్ని పాత లారీల్లో ఎడమ వైపు నట్లు తిరగబడి ఉంటాయెందుకు?

అవి ఎడమ మర నట్లు. చక్రం తిరిగే దిశలో నట్టు వదులు కాకూడదని ఎడమ వైపుకు అలా ఇచ్చేవారు. అలాంటి బండికి కొత్త స్టడ్లు వేసేటప్పుడు ఏ వైపుది ఏదో స్టడ్డు కొసన ఉన్న గుర్తు చూసి వేయాలి.

రింగు డిస్కుకు గాలి కొట్టేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు సమాధానం టైరు పని చేసే కుర్రాళ్లందరికీ చేరాలని మా కోరిక. గాలి నిండిన లారీ టైరు రింగును పది టన్నులకు పైగా బలంతో బయటికి నెడుతూ ఉంటుంది. రింగు గాడిలో సరిగా కూర్చోకపోతే అది ఎగిరివచ్చి మనిషిని చంపుతుంది. టైరును ఇనుప బోనులో పెట్టి, వాల్వుకు తగిలించి వదిలేసే క్లిప్పుతో, పొడవాటి గొట్టంతో, పక్కకు దూరంగా నిలబడి గాలి కొట్టాలి. గాలి ఎక్కుతుండగా రింగును సుత్తితో కొట్టి సరిచేయకూడదు, గాలి పూర్తిగా తీసేసి మళ్లీ కూర్చోబెట్టాలి. ఒక కంపెనీ డిస్కుకు మరో కంపెనీ రింగు, వంగిన రింగు, తుప్పుతో గాడి తిన్న రింగు వాడకూడదు.

చక్రం విప్పేటప్పుడు కూడా నట్లు వదులు చేయకముందే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. జోడు చక్రాలైతే రెండింటిదీ వదలాలి. డిస్కు పగిలి ఉండి, దాన్ని పట్టి ఉంచుతున్నవి నట్లే అయితే, ఆఖరి నట్టు వదులైన క్షణంలో చక్రం విప్పేవారి మీదికి పేలుతుంది.

పాత డిస్కులు కొనవచ్చా? పగులుకు వెల్డింగు చేయించవచ్చా?

పాత డిస్కులు ఆటోనగర్లలో దొరుకుతాయి, బాగున్నవీ ఉంటాయి. రంగు వేసి పెట్టినది కొనకండి, రంగు లేనిదాన్ని కడిగించి చూడండి. స్టడ్డు రంధ్రాల నుంచి, కిటికీ అంచుల నుంచి బయలుదేరే సన్నని గీతలు, కోడిగుడ్డు ఆకారానికి సాగిన రంధ్రాలు, రింగు గాడిలో తుప్పు గుంటలు ఉంటే వదిలేయండి. చదునైన గచ్చు మీద ఆనే ముఖం కిందికి పెట్టి చూస్తే వంకర కూడా తెలుస్తుంది.

వెల్డింగు చేయకూడదు. వేడి తగిలినచోట లోహం గుణం మారి పక్కనే కొత్త పగులు పుడుతుంది. టైరు ఉండగా డిస్కుకు వెల్డింగు గానీ గ్యాసు మంట గానీ పెడితే, గాలి తీసేసి ఉన్నా సరే, లోపలి రబ్బరు ఆవిరై టైరు పేలుతుంది.

ఒక స్టడ్డు తెగితే ఒక్కటే మార్చాలా?

తెగినదాన్నీ దానికి ఇరుపక్కల ఉన్న రెండింటినీ మార్చాలి, తెగినదాని భారం వాటి మీదే పడి ఉంటుంది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెగితే ఆ హబ్బు స్టడ్లన్నీ మార్చాలి.

డిస్కుకూ హబ్బుకూ మధ్య స్పేసరు (దూరం పెంచే పళ్లెం) వేయవచ్చా?

బండి తయారీదారు ఇవ్వనిది ఏదీ వేయకూడదు.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేర్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. అందుచేత మీ మోడల్‌కు కంపెనీ ఆమోదించిన కొలతల్లోనే డిస్కులు కొనండి. బిల్లు మీద కొలత, లోడు అంకె రాయించుకొని బండి కాగితాలతో పాటు ఉంచండి. ప్రమాదం జరిగిన తరువాత బీమా సర్వేయరు అడిగే కాగితాల్లో అదీ ఒకటి కావచ్చు.

స్టెప్నీ పాత ఉక్కు డిస్కే ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు, కాని దాన్ని వేసే రోజు ఎలాంటి రోజో ఊహించండి. మారేడుమిల్లి ఘాటులో, వర్షంలో, చీకట్లో బయటి చక్రం పంక్చరైంది. అల్యూమినియం డిస్కుల కోసం వేసిన పొడవాటి స్టడ్డు మీదికి పలుచని ఉక్కు డిస్కు ఎక్కిస్తే, మూసిన టోపీ నట్టు స్టడ్డు కొసకు తగిలి డిస్కును అదమకుండానే ఆగిపోవచ్చు. స్లీవ్ నట్టయితే దాని మెడ ఉక్కు డిస్కు రంధ్రంలో ఇమడదు. పానాకు మాత్రం బిగిసినట్టే అనిపిస్తుంది. ఆ ఉక్కు డిస్కుకు తగిన పది నట్లను గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ దగ్గరే ఉంచండి, అవి ఎందుకో డ్రైవరుకు చెప్పండి, షెడ్డులో ఉండగానే ఒకసారి వేసి చూడండి. గమ్యం చేరాక ఆ చక్రం తీసి సరైన జతను మళ్లీ బిగించండి, అప్పుడు కూడా మొదటి 50 నుంచి 150 కిలోమీటర్లలో నట్లు చూసుకోవాలి.